మొదటి దెబ్బ మీద: జేమ్స్ బ్రౌన్ స్మారకోపన్యాసం



జేమ్స్ బ్రౌన్ గురించి మాట్లాడమంటే చాలామంది ఆయన అరుపు దగ్గర మొదలుపెడతారు. లేదా ఆయన కాళ్ల దగ్గర. ఆ గొంతు, ఆ పాదాలు గొప్పవే. నేను మాత్రం ఈ సాయంత్రం ఆయన వీపు వెనక జరిగిన సంగతులు చెప్పడానికి వచ్చాను. జనం వైపు ముఖం పెట్టి పాడుతూ, గిర్రున తిరుగుతూ, మోకాళ్ల మీద పడుతూ ఉండగానే ఆయన చెయ్యి ఒకటి వెనక్కి వెళ్లి వేళ్లు విప్పేది. వెనకున్న వాద్యగాళ్లలో ఎవరో తప్పు వాయించారన్నమాట. విప్పిన వేళ్ల లెక్కన జరిమానా. బూట్లు మెరవకపోయినా, సూటు నలిగినా, ఆలస్యంగా వచ్చినా జరిమానాయే. ఆ చేతి విసురు కూడా నాట్యంలో భాగమేననుకుని జనం ఈలలు వేసేవారు. ఎవరి జీతంలో కోత పడిందో వేదిక మీదున్నవాళ్లకే తెలిసేది.

ఆయనకు నొటేషన్ రాయడం రాదు. పియానో, డ్రమ్స్ కొంత వాయించేవారుగానీ వాటిలో ఆయన్ను మహావిద్వాంసుడని ఎవరూ అనలేదు. అయినా ఇరవయ్యో శతాబ్దపు రెండో సగంలో లోకం కాళ్లు కదిపిన తీరునే మార్చిన మనిషి ఆయన. ఎలా మార్చారు అంటే నా దగ్గరున్న జవాబు ఒకటే: ఆయన వాయించిన వాద్యం ఆ బృందమే. ఆ వాద్యంలో ప్రతి తీగకూ ఒక పేరు ఉంది, ఒక ఊరు ఉంది, ఒక బాకీ ఉంది. స్మారకోపన్యాసమన్నాక ఆ పేర్లు కూడా చెప్పుకోవాలి.

బ్రౌన్ 1933 మే 3న దక్షిణ కరోలినాలోని బార్న్‌వెల్ దగ్గర అడవి అంచున ఒక చెక్క గుడిసెలో పుట్టాడు. నాలుగేళ్లప్పుడు తల్లి ఇల్లు విడిచి వెళ్లిపోయింది. తండ్రి కొన్నాళ్లకు పిల్లవాణ్ణి జార్జియాలోని అగస్టాకు తెచ్చి బంధువుల ఇంట్లో ఉంచాడు. ఆ ఇంటి పెద్దావిణ్ణి అందరూ హనీ అత్తయ్య అనేవారు. ఆమె నడిపింది వేశ్యాగృహం. రెండో ప్రపంచ యుద్ధకాలంలో దగ్గర్లోని క్యాంప్ గోర్డన్ నుంచి సైనికుల లారీలు కాలువ వంతెన దాటి వెళ్తుంటే ఈ కుర్రాడు ఆ వంతెన మీద గంతులేసి చిల్లర ఏరుకునేవాడు. బూట్లు తుడిచాడు, పత్తి ఏరాడు. ఒంటిమీద సరైన బట్టలు లేవని బడి నుంచి ఇంటికి పంపేశారు. తర్వాతి రోజుల్లో బృందం బట్టల మీద, బూట్ల మెరుపు మీద ఆయన చూపిన పట్టుదలను మొండితనమని తేలిగ్గా కొట్టిపారేసేవాళ్లు ఈ ఒక్క అవమానాన్ని కాసేపు మనసులో ఉంచుకోవాలని కోరుతున్నాను.

ఆ అగస్టాలోనే ఆయన తొలి గురువులు ఎదురయ్యారు. బిషప్ డాడీ గ్రేస్ స్థాపించిన యునైటెడ్ హౌస్ ఆఫ్ ప్రేయర్ ప్రార్థనామందిరం అక్కడ ఉండేది. పొడుగాటి జుట్టు, రంగురంగుల దుస్తులు, చుట్టూ వేలమంది భక్తులు. ప్రార్థన అంటే ట్రాంబోన్లు, తప్పెట్లు, పూనకం. బోధకుడు ఒక మాట విసిరితే జనం దాన్ని తిప్పి విసరడం. బోధకుడు కుప్పకూలితే శిష్యులు లేవదీయడం. ఇది చూసిన పిల్లవాడు పాతికేళ్లు దాటాక వేదిక మీద మోకాళ్ల మీద కూలిపోతే, సహచరుడు వచ్చి భుజాల మీద శాలువాలాంటి కేప్ కప్పితే, నాలుగడుగులు నడిచి దాన్ని విసిరేసి మళ్లీ మైకు మీదికి దూకితే, దానికి మూలం వెతుక్కోవలసిన పనిలేదు. కేప్ ఆలోచన మాత్రం టీవీలో చూసిన గార్జియస్ జార్జ్ అనే కుస్తీవీరుడి దగ్గర తీసుకున్నానని ఆయనే చెప్పుకున్నారు. ప్రార్థనామందిరం నుంచి సగం, కుస్తీ బరి నుంచి సగం. ఏది ఎక్కడ దొరికినా తనదిగా చేసుకునే గుణం ఆయనకు చివరిదాకా ఉంది.

రెండో గురువు లూయిస్ జోర్డన్. చిన్న బృందంతో, శాక్సఫోన్ పట్టుకుని, పాడుతూ నవ్విస్తూ జనాన్ని గంతులేయించిన మనిషి. జోర్డన్ 'కాల్డోనియా' పాటను అగస్టా కుర్రాడు నోటికి నేర్చేసుకున్నాడు. ఒక మనిషి ఏకకాలంలో గాయకుడు, నర్తకుడు, బృందనాయకుడు, వ్యాపారి కాగలడన్న సంగతి జోర్డన్‌ను చూసే ఆయనకు తెలిసిందని నా నమ్మకం.

1949లో, పదహారేళ్ల వయసులో, కార్లలో దొంగతనం చేసినందుకు జైలు. ఎనిమిది నుంచి పదహారేళ్ల శిక్ష. లోపల ఎప్పుడూ పాడుతూ ఉండేవాడని తోటివాళ్లు 'మ్యూజిక్ బాక్స్' అని పేరు పెట్టారు. అక్కడ, జార్జియా కొండప్రాంతంలోని టొకోవా ఊళ్లో, బాబీ బర్డ్ అనే స్థానిక గాయకుడితో స్నేహం కుదిరింది. బర్డ్ కుటుంబం పూచీ పడితే 1952 జూన్‌లో విడుదల దొరికింది. ఒక దొంగకుర్రాణ్ణి ఇంట్లో పెట్టుకున్న ఆ కుటుంబాన్ని తలచుకోకుండా ఫంక్ అనే సంగీతపు చరిత్ర చెప్పడం అన్యాయం. బర్డ్ తన సొంత బృందంలోకి అతన్ని తీసుకున్నారు. కొన్నాళ్లకు ఆ బృందం ఫేమస్ ఫ్లేమ్స్ అయింది, ముందు నిలబడ్డది జేమ్స్ బ్రౌన్ అయ్యారు. బర్డ్ పక్కకు జరిగి, దాదాపు ఇరవయ్యేళ్లు ఆ పక్కనే నిలబడి పాడారు. 'సెక్స్ మెషీన్' పాటలో నాయకుడి ప్రతి పిలుపుకీ పలికే రెండో గొంతు ఆయనదే.

1956లో సిన్సినాటిలోని కింగ్ రికార్డ్స్‌లో 'ప్లీజ్, ప్లీజ్, ప్లీజ్' రికార్డయింది. కంపెనీ యజమాని సిడ్ నేథన్‌కు అది అసలు నచ్చలేదు. జనానికి నచ్చింది. ఆ తర్వాత వరుసగా తొమ్మిది రికార్డులు తన్నేశాయి. 1958 చివర్లో 'ట్రై మీ' రాకపోయుంటే ఆయన పేరు ఇవాళ మనం తలచుకునేవాళ్లం కాదేమో. ఆ రెండు పాటల మధ్య ఆయన్ను నిలబెట్టింది రోడ్డు.

రోడ్డు అంటే ఆ రోజుల్లో నల్లవాళ్ల థియేటర్ల వరస. చిట్లిన్ సర్క్యూట్ అనేవారు. హార్లెమ్‌లో అపోలో, వాషింగ్టన్‌లో హోవర్డ్, ఫిలడెల్ఫియాలో అప్‌టౌన్, బాల్టిమోర్‌లో రాయల్, షికాగోలో రీగల్. వీటి మధ్య దక్షిణాదిలో పొగాకు గోదాములు, రేకుల షెడ్లు. తెల్లవాళ్ల హోటళ్లలో గది ఇవ్వరు, చాలా చోట్ల తిండి కూడా పెట్టరు. బస్సులోనే నిద్ర. ఈ రాత్రి ఒక ఊరు, రేపు రాత్రి మూడు వందల మైళ్ల అవతల ఇంకో ఊరు. ఏడాదిలో మూడు వందల ప్రదర్శనలదాకా ఇచ్చిన కాలం అది. డబ్బు రొక్కంగా చేతిలో పడాలి, టికెట్ల లెక్క ఆయనే చూసుకోవాలి. అలాంటి బతుకులో ఒక బృందం రెండే రకాలుగా ఉండగలదు: చెదిరిపోతుంది, లేదా ఒకే శరీరంలా తయారవుతుంది.

1962 అక్టోబర్ 24న అపోలోలో ఆ శరీరం ఎలా ఉందో లోకానికి తెలిసింది. ప్రదర్శనను రికార్డు చేద్దామంటే నేథన్ ఒప్పుకోలేదు; జనం ఇంతకుముందే విన్న పాటలు మళ్లీ ఎవరు కొంటారని ఆయన వాదన. బ్రౌన్ సొంత డబ్బు 5,700 డాలర్లు పెట్టి రికార్డు చేయించారు. మరుసటి ఏడాది విడుదలైన ఆ ఆల్బమ్ అరగంటకు అటూఇటూగా ఉంటుంది. పాటకూ పాటకూ మధ్య బృందం ఊపిరి తీసుకోదు. ఒక పాట తోక పట్టుకుని ఇంకోటి వచ్చేస్తుంది. నెమ్మదైన పాటల్లో హాల్లో ఆడవాళ్ల కేకలు వింటుంటే అగస్టా మందిరపు ప్రార్థనలు ఎక్కడికీ పోలేదని తెలుస్తుంది. అది బిల్‌బోర్డ్ ఆల్బమ్ పట్టికలో 66 వారాలు నిలిచి రెండో స్థానందాకా వెళ్లింది. రేడియోవాళ్లు రికార్డు ఒక వైపంతా ఆపకుండా వేసేవారు.

ఇక అసలు మలుపు. 1965 ఫిబ్రవరిలో ఒక ప్రదర్శన నుంచి ఇంకో ప్రదర్శనకు వెళ్తూ, బస్సు ఉత్తర కరోలినాలోని షార్లట్‌లో ఒక స్టూడియో దగ్గర ఆగింది. అలిసిపోయిన మనుషులు దిగి 'పాపాస్ గాట్ ఎ బ్రాండ్ న్యూ బ్యాగ్' వాయించి మళ్లీ బస్సెక్కారు. విడుదల చేసేముందు టేపును కాస్త వేగం పెంచారు. ఆ పాటలో కొత్తదేమిటో చెప్పడానికి కొంచెం వివరంలోకి వెళ్లాలి.

నాలుగు దెబ్బల ఆవర్తం అనుకోండి. అప్పటి రిథమ్ అండ్ బ్లూస్‌లో చప్పట్లు రెండో దెబ్బ మీద, నాలుగో దెబ్బ మీద పడేవి. బ్రౌన్ తన బరువంతా మొదటి దెబ్బ మీద పెట్టారు. 'ది వన్' అని దానికి పేరు. మొదటి దెబ్బ దగ్గర అందరూ కలవాలి, ఎవరూ తప్పకూడదు. ఆ తర్వాత మిగిలిన మూడు దెబ్బల మధ్య ఖాళీల్లో ఎవరి చోటు వాళ్లది. గిటార్ వాయించే జిమ్మీ నోలెన్ తీగలను పూర్తిగా నొక్కకుండా కుడిచేత్తో చకచకా గీరేవారు. రాగం పలకదు, కరకర మనే లయ మాత్రం పలుకుతుంది. శాక్సఫోన్లు, బాకాలు పాట వెనక పరుపు పరిచే పని మానేసి, పొడిచినట్టు ఒక్క దెబ్బ కొట్టి తప్పుకునేవి. బేస్ గిటార్ ఒక చిన్న వాక్యాన్ని పట్టుకుని అదే చెబుతూ పోయేది. గొంతు కూడా అంతే, 'హా' అన్నా 'హే' అన్నా అది దరువే. ఊళ్లో డప్పుల జట్టులో పెద్దడప్పు ఒక మాట అంటే చిన్నడప్పు దాని సందులోంచి ఇంకో మాట అన్నట్టు, మొత్తం బృందం చర్మవాద్యమైపోయింది.

పాశ్చాత్య విమర్శకుల్లో కొందరికి ఇది మొదట మింగుడుపడలేదు. పాట పది నిమిషాలు సాగుతుంది, స్వరసమూహం మారదు, 'ఏమీ జరగడం లేదు' అన్నారు. మన చెవికి ఈ ఇబ్బంది ఉండకూడదు. ఒకే శ్రుతి మీద, ఒకే తాళం మీద గంటసేపు పల్లవి విన్నవాళ్లం. ఎక్కడికీ పోకుండా ఉన్నచోటే లోతుకు తవ్వే సంగీతమంటే ఏమిటో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. బ్రౌన్‌ను తెలుగు శ్రోతలు ఇంకా ఎక్కువమంది వినకపోవడం నాకు బాధగా ఉండేది ఇందుకే.

ఆ కాలంలో బృందంలో చేరినవాళ్లను చూడండి. మెల్విన్ పార్కర్ డ్రమ్స్ వాయిస్తారు, ఆయనతో పాటే 1964లో వచ్చిన అన్న మేసియో పార్కర్ శాక్సఫోన్. పాట మధ్యలో నాయకుడు పేరుపెట్టి పిలిచేది ఈ మేసియోనే. పీ వీ ఎల్లిస్ కుర్రతనంలో సోనీ రోలిన్స్ దగ్గర పాఠాలు నేర్చుకున్న జాజ్ మనిషి. 1967లో ఒక ప్రదర్శన అయ్యాక బ్రౌన్ ఎల్లిస్‌ను గదికి పిలిచి నోటితో మూలుగులాంటి లయ ఒకటి వినిపించారు. మాటల్లేవు, స్వరాల్లేవు. ఎల్లిస్ సిన్సినాటికి వెళ్లే బస్సులో కూర్చుని దాన్ని రాశారు. బాకాలవాళ్లకు రాసిన భాగంలో మైల్స్ డేవిస్ 'సో వాట్' ప్రభావముందని తర్వాత ఆయనే చెప్పారు. మర్నాడు స్టూడియోలో అదే 'కోల్డ్ స్వెట్'. వంతెన మీద గంతులేసిన చదువురాని చెవి, న్యూయార్క్ జాజ్ చదివిన చెయ్యి ఒక బస్సులో కలిశాయి. ఇందులో ఏ ఒక్కరిని తీసేసినా ఆ పాట లేదు.

అందులో డ్రమ్స్ వాయించింది టెనెసీలోని చాటనూగా నుంచి వచ్చిన క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్. ఆయనకు గురువంటూ లేరు. చిన్నప్పుడు ఊళ్లో ఫ్యాక్టరీ యంత్రాల చప్పుడు, పట్టాల మీద రైలు చప్పుడు వింటూ చేతులాడించడమే పాఠం. ఆయన జోడీ అలబామా నుంచి వచ్చిన జాబో స్టార్క్స్. ఆయన లయ చర్చిలో చప్పట్ల నుంచి, తంబురీన్ల నుంచి వచ్చింది. ఒకే బృందంలో ఇద్దరు డ్రమ్మర్లు, ఒకరిది యంత్రం లయ, ఒకరిది ప్రార్థన లయ. వేరే నాయకుడైతే ఒకరిని ఎంచుకుని ఇంకొకరిని పంపేసేవారు. బ్రౌన్ ఇద్దరినీ ఉంచుకుని, ఏ పాటకు ఎవరు కావాలో పోల్చుకోగలిగారు. నాకు ఆయన ప్రతిభ అన్నిటికన్నా స్పష్టంగా కనిపించేది ఇక్కడే.

1968 సంగతి క్లుప్తంగా చెబుతాను, అది ప్రసిద్ధమే. మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన మర్నాడు, ఏప్రిల్ 5న, బోస్టన్ గార్డెన్‌లో ప్రదర్శన. రద్దు చేస్తే ఊరు మండుతుందని నగర కౌన్సిల్ సభ్యుడు టామ్ అట్కిన్స్ మేయర్‌కు నచ్చజెప్పారు. టీవీలో ప్రత్యక్షప్రసారం చేశారు. కుర్రాళ్లు వేదిక ఎక్కినప్పుడు, తోసేస్తున్న పోలీసులను బ్రౌన్ వెనక్కి వెళ్లమని, తానే కుర్రాళ్లతో మాట్లాడి దింపారు. ఆ రాత్రి బోస్టన్ చాలా వరకు ఇళ్లలో ఉండిపోయింది. అదే ఏడాది ఆగస్టులో 'సే ఇట్ లౌడ్' వచ్చింది. నల్లగా ఉన్నందుకు గర్వపడమని ఒక తరానికి చెప్పిన పాట. అందులో బదులు పలికిన పిల్లల్లో చాలామంది తెల్లవాళ్లు, ఆసియావాళ్లని ఆయన ఆత్మకథలో ఉంది. తాను ఒకప్పుడు మెట్ల మీద కూర్చుని బూట్లు తుడిచిన అగస్టా రేడియో స్టేషన్‌ను కొనుక్కున్నదీ ఆ రోజుల్లోనే. 1972లో అధ్యక్షుడు నిక్సన్‌కు మద్దతిచ్చి, తనను నెత్తిన పెట్టుకున్న జనం చేతనే నిరసన చేయించుకున్నారు.

ఇప్పుడు బాకీల సంగతి.

1970 మార్చిలో, జార్జియాలోని కొలంబస్‌లో ప్రదర్శనకు ముందు బృందంలో చాలామంది జీతాల మీద, జరిమానాల మీద తిరగబడ్డారు. తమ కోరికలు తీరిస్తేనే వేదిక ఎక్కుతామన్నారు. బ్రౌన్ బేరానికి దిగలేదు. సిన్సినాటిలో కింగ్ స్టూడియో చుట్టూ తిరిగే కుర్ర బృందాన్ని బాబీ బర్డ్ చేత సొంత విమానంలో రప్పించారు. వాళ్లలో బేస్ వాయించే బూట్సీ కాలిన్స్‌కు పద్దెనిమిదేళ్లు, గిటార్ ఆయన అన్న క్యాట్‌ఫిష్‌ది. రిహార్సల్ లేకుండా నేరుగా వేదిక మీదికి. ఏప్రిల్‌లో నాష్‌విల్‌లో వాళ్లతోనే 'సెక్స్ మెషీన్' రికార్డయింది. బూట్సీ ఎక్కువ నోట్లు వాయించి మురిసిపోతుంటే, మొదటి దెబ్బ నాకివ్వు, మిగతాది నీ ఇష్టమన్న పాఠం నేర్పింది బ్రౌనే. ఏడాది తిరక్కుండా బూట్సీ వెళ్లిపోయారు. ఆ పాఠాన్ని జార్జ్ క్లింటన్ నడిపిన పార్లమెంట్-ఫంకడెలిక్‌కు తీసుకెళ్లారు. తర్వాత మేసియో, ట్రాంబోన్ వాయించే ఫ్రెడ్ వెస్లీ కూడా అక్కడికే చేరారు. గొప్ప కళకు కఠినమైన క్రమశిక్షణ తప్పదని మన సంగీత సభల్లో తరచూ వింటుంటాను. ఒప్పుకుంటాను. కానీ క్రమశిక్షణ పేరుతో శ్రమకు తగ్గ కూలి ఎగ్గొట్టడాన్ని ఏ కళా సమర్థించదు. ఆ రాత్రి కొలంబస్‌లో వేదిక ఎక్కనివాళ్ల పక్షమే నాది.

ఇంతకన్నా చేదు నిజం ఇంకోటుంది. ఆయన ఆడవాళ్లను కొట్టారు. భార్యలు, సహగాయనులు చెప్పిన మాటలు, పోలీసు కేసులు ఉన్నాయి. 1988లో పోలీసులు వెంటాడగా మత్తులో కారు తోలి ఆరేళ్ల శిక్షపడి, రెండేళ్లకు పైగా జైల్లో గడిపి 1991లో బయటికి వచ్చారు. తల్లి వదిలేసిన పిల్లవాడి కథ చెప్పి ఈ హింసను కడిగెయ్యడానికి కొందరు ప్రయత్నిస్తారు. అలాంటి బాల్యం గడిపినవాళ్లంతా చెయ్యెత్తలేదు. ఆయన పేరుతో జరిగే సభలో దెబ్బలు తిన్నవాళ్ల మాటకు కూడా చోటుండాలి.

ప్రభావం ఎంతదూరం వెళ్లిందో చూద్దాం. 1970 చివర్లో బృందం నైజీరియాలోని లేగోస్ వెళ్లింది. అక్కడ ఫెలా కుటీ క్లబ్బులో బృందం సభ్యులు కూర్చుని టోనీ అలెన్ డ్రమ్స్ విన్నారు. ఫెలా అప్పటికే బ్రౌన్‌ను విని తన ఆఫ్రోబీట్‌ను తీర్చుకుంటున్నారు. ఆఫ్రికా నుంచి ఓడల్లో బలవంతంగా వెళ్లిన లయ మూడొందల ఏళ్ల తర్వాత విద్యుత్ గిటార్‌తో ఇంటికొచ్చి, ఇంట్లోవాళ్ల దగ్గర మళ్లీ నేర్చుకుంది. 1974 సెప్టెంబర్‌లో కిన్షాసాలో అలీ-ఫోర్‌మన్ బాక్సింగ్ పోటీ సందర్భంగా జరిగిన ఉత్సవంలో ఆయన పాడారు. ఫోర్‌మన్ గాయపడి పోటీ వాయిదాపడినా సంగీతం ఆగలేదు. ఇటు అమెరికాలో, అమ్మ పిలిచి టీవీలో బ్రౌన్‌ను చూపిస్తే కళ్లప్పగించి చూసిన మైకేల్ జాక్సన్, 2006 డిసెంబర్ 30న అగస్టాలో ఆయన శవపేటిక పక్కన నిలబడి ఆ మాటే చెప్పుకున్నారు. జాక్సన్ 'థ్రిల్లర్' చూసి మన 'దొంగ' సినిమాలో 1985లో 'గోలీమార్' పాట కట్టారు. చిరంజీవి కాళ్లు అలా ఆడినప్పుడు కేరింతలు కొట్టిన మన ఊళ్లకు, అగస్టా వంతెనకు ఆ మేరకు చుట్టరికం ఉంది.

క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్‌తో ముగిస్తాను. 1969 నవంబర్ 20న సిన్సినాటిలో 'ఫంకీ డ్రమ్మర్' రికార్డు చేస్తున్నప్పుడు, పాట ఐదు నిమిషాలు దాటాక, నాయకుడు మిగతావాళ్లందరినీ ఆగమన్నారు. సోలో వద్దు, ఉన్నదున్నట్టే వాయించమని డ్రమ్మర్‌కు చెప్పారు. ఆ కొద్ది సెకన్ల దరువును 1980ల నుంచి ర్యాప్ కళాకారులు యంత్రాల్లోకి ఎక్కించుకుని వెయ్యికి పైగా పాటల కింద పరిచారు. పబ్లిక్ ఎనిమీ 'ఫైట్ ది పవర్' వాటిలో ఒకటి. చట్టం దృష్టిలో పాట రాసింది జేమ్స్ బ్రౌన్, రికార్డు కంపెనీది. దరువు వాయించినవాడు ఆ రోజు కూలి తీసుకున్న వాద్యగాడు మాత్రమే. ఆ వెయ్యి పాటల నుంచి స్టబుల్‌ఫీల్డ్‌కు వచ్చింది దాదాపు ఏమీ లేదు. జబ్బుపడినప్పుడు ఆయన ఆస్పత్రి బిల్లులు గాయకుడు ప్రిన్స్ కట్టారని, 2016లో ప్రిన్స్ పోయాక గానీ లోకానికి తెలియలేదు. 2017 ఫిబ్రవరి 18న స్టబుల్‌ఫీల్డ్ విస్కాన్సిన్‌లోని మాడిసన్‌లో కన్నుమూశారు. బ్రౌన్ పేద పిల్లల చదువులకు రాసిన ఆస్తి కూడా పదిహేనేళ్లు కోర్టుల్లో నలిగి, 2021లో దాదాపు తొమ్మిది కోట్ల డాలర్లకు ఒక సంగీత వ్యాపార సంస్థ చేతికి వెళ్లింది. ఆ దరువు ధర అందులో ఎంతో ఎవరూ విడిగా లెక్క కట్టలేదు.

ఇప్పుడు నిర్వాహకులు ఆ రికార్డు పూర్తి నిడివిది, తొమ్మిది నిమిషాలది, వేస్తారు. డ్రమ్స్ ఒక్కటే మిగిలే చోటుకు ముందు బ్రౌన్ ఒకటి నుంచి నాలుగుదాకా లెక్కపెడతారు. అక్కడి నుంచి ఎడమచేతి దెబ్బలు వినండి. గట్టిగా పడేవాటి మధ్య, వినీ వినబడనట్టు మెత్తగా పడేవి చాలా ఉంటాయి. పాట నడిచేది వాటి మీదే.